ఆదివారం మధ్యాహ్నం పార్కులకు తాళాలెందుకు?

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. వారాంతాల్లో పిల్లలను ఎక్కడికి తీసుకువెళ్లవచ్చో సూచిస్తూ మీ పత్రిక నగర అనుబంధంలో ఈ మధ్య వచ్చిన కథనాన్ని మా ఇంట్లో అందరం చదివాం. ఔటర్ రింగ్ రోడ్డు అవతలి రిసార్టులు, వాటర్ పార్కులు, పెద్ద మాల్స్‌లోని ఆటల జోన్లు, అన్నింటి ఫొటోలూ కన్నుల పండువగా ఉన్నాయి. అయితే సొంత కారు లేకుండా, ఒక్క పూటకు రెండు మూడు వేలు ఖర్చుపెట్టే స్తోమత లేకుండా చేరుకోగలిగిన చోటు ఆ జాబితాలో మాకు ఒక్కటీ కనిపించలేదు. బాగ్‌లింగంపల్లి, రాంనగర్, చిక్కడపల్లి, ముషీరాబాద్ వంటి పేటల్లో రెండు గదుల ఇళ్లలో ఉంటూ, ఆదివారం కూడా సగం పూట పనికి వెళ్లే మనిషి ఇంట్లో ఉన్న కుటుంబాలు ఈ నగరంలో తక్కువేమీ కావు. వారి పిల్లలకూ ఆదివారం వస్తుంది. ఆ పిల్లల తరఫున కొన్ని మాటలు మీ పాఠకుల ముందు, వీలైతే నగరపాలక సంస్థ అధికారుల ముందు ఉంచాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను కోరుతున్నది కొత్త కట్టడాలు కాదు. పిల్లలతో ఒక రోజు హాయిగా గడపడానికి కావలసినవి మా పరిసరాల్లో ఇప్పటికే చాలా ఉన్నాయి. నడిచి వెళ్లేంత దూరంలో 76 ఎకరాల ఇందిరా పార్కు ఉంది. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య పార్కు, సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ, త్యాగరాయ గానసభ ఉన్నాయి. ఇవి గాక హౌసింగ్ బోర్డు కాలనీలు వేసిన నాడే లేఅవుట్‌లో విడిచిపెట్టిన చిన్న చిన్న పార్కు స్థలాలు వీధివీధికీ కనిపిస్తాయి. చెట్లు పెరిగి పెద్దవయ్యాయి, నీడ ఉంది, బల్లలున్నాయి. లేనిదల్లా పిల్లలకు తీరిక దొరికే వేళకు గేటు తెరిచి ఉండటం, లోపల పనిచేసే మరుగుదొడ్డి ఉండటం, అక్కడిదాకా ప్రాణభయం లేకుండా రోడ్డు దాటగలగడం.

ముందు గేటు సంగతి చెబుతాను. మా వైపు చిన్న పార్కుల్లో చాలావాటికి రెండు పూటల పద్ధతి ఉంది. తెల్లవారుజామున తెరిచి తొమ్మిదికో పదికో మూస్తారు, మళ్లీ సాయంత్రం నాలుగింటికి తెరుస్తారు. ఉదయం నడకకు వచ్చే పెద్దలకు ఈ వేళలు చక్కగా సరిపోతాయి. పిల్లలున్న ఇంటి ఆదివారం మాత్రం అలా నడవదు. వారమంతా ఆరింటికి లేచి స్కూలు బస్సు అందుకున్న పిల్లలు ఆ ఒక్క రోజు ఎనిమిది దాకా పడుకుంటారు. తలంట్లు, టిఫిన్లు, వారానికి సరిపడా బట్టలు ఉతకడం, వంట, ఇవన్నీ ముగించుకుని తల్లి చేయి ఖాళీ చేసుకునేసరికి పదకొండు దాటుతుంది. అప్పుడు పులిహోరో పెరుగన్నమో డబ్బాలో సర్దుకుని, నీళ్ల సీసా పట్టుకుని, అత్తయ్యను వెంటబెట్టుకుని వెళితే గేటుకు తాళం కనిపిస్తుంది. లోపలే ఉన్న వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి వచ్చి, “టైం అయిపోయిందమ్మా, నాలుగింటికి రాండ్రి” అని మర్యాదగానే చెబుతాడు. అతని తప్పేమీ లేదు, అతనికి ఇచ్చిన ఆదేశం అది. కానీ ఈ కార్తిక మాసంలో సాయంత్రం ఐదూ నలభై ప్రాంతానికే పొద్దు వాలిపోతుంది. నాలుగింటికి తెరిచిన పార్కులో పిల్లలకు దక్కే వెలుతురు రెండు గంటలు కూడా ఉండదు, ఆ రెండు గంటల్లోనే ఊయల దగ్గర వరుస, జారుడుబండ దగ్గర తోపులాట.

మధ్యాహ్నం ఎండలో పార్కులో ఎవరు కూర్చుంటారని కొందరు అడగవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో ఆ మాట నిజమే. కానీ హైదరాబాద్‌లో నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మధ్యాహ్నపు ఎండ పిల్లలకు హితవుగా ఉంటుంది. వేప, కానుగ చెట్లున్న చోట వర్షాకాలపు మబ్బు రోజుల్లోనూ అంతే. కార్తికంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలకు కూర్చోవడం మన ఇళ్లలో తరతరాలుగా ఉన్న ఆచారమే కదా, అది మధ్యాహ్నపు వేళ జరిగేదే. ఊరికి దూరంగా ఫాంహౌసులు అద్దెకు తీసుకుని వనభోజనాలు చేసుకునే సంఘాలు అనేకం ఉన్నాయి. అది చేయలేని వారు సొంత పేటలోని చెట్టు కింద నాలుగు ముద్దలు తినడానికి ఎందుకు అనుమతించకూడదు? శీతకాలంలో ఆదివారాలు, సెలవు దినాలు పార్కులను పొద్దంతా తెరిచి ఉంచి, ఎండాకాలంలో మధ్యాహ్నం మూసి, దానికి బదులుగా లైట్లు వేసి రాత్రి తొమ్మిదిన్నర దాకా తెరిచి ఉంచితే అందరికీ న్యాయం జరుగుతుంది. ఏడాది పొడవునా ఒకే వేళలు రాసిన ఇనుప బోర్డు గేటుకు బిగించి వదిలేయడం ఈ ఊరి వాతావరణానికే పొసగదు.

మధ్యాహ్నం తెరిస్తే తాగుబోతులు, ఆకతాయిలు చేరతారనీ, జంటలు వచ్చి కూర్చుంటాయనీ, అందుకే మూస్తున్నామనీ ఒక సమాధానం తరచూ వినిపిస్తుంది. ఆ భయం ఉత్తదని నేను అనను. ఆడపిల్లను వెంటబెట్టుకుని వెళ్లే తల్లిగా నాకూ ఆ భయం ఉంది. కానీ ఒక చోటును భద్రంగా ఉంచేది తాళం కన్నా ఎక్కువగా అక్కడ తిరిగే మనుషులే. పదిమంది తల్లులు, నలుగురు తాతలు, పాతికమంది పిల్లలు ఉన్న చోట సీసా తెరిచి కూర్చునే ధైర్యం ఎవరికీ ఉండదు. మనుషులు లేకుండా పోయిన చోటే పాడవుతుంది. తాళం వేసిన పార్కులో కూడా గోడ దూకి వచ్చేవారు వస్తూనే ఉన్నారని, పొద్దున గడ్డి మీద కనిపించే గాజు పెంకులు సాక్ష్యం చెబుతున్నాయి. దూకలేనిది పిల్లలు, ముసలివాళ్లు, ఆడవాళ్లు మాత్రమే.

ఇక లోపలి సంగతి. మా చుట్టుపక్కల పార్కులను చూస్తే అవి ఎవరిని ఊహించుకుని తయారయ్యాయో ఇట్టే తెలుస్తుంది. చుట్టూ నడక దారి, దాని పక్కన ఓపెన్ జిమ్ పరికరాలు, మధ్యలో కంచె వేసిన పచ్చిక, పచ్చిక మీద “లోనికి ప్రవేశించరాదు” అన్న పలక, ఒక మూలన అయిదేళ్ల లోపు పిల్లలకు పనికొచ్చే రెండు ఊయలలు, ఒక జారుడుబండ. 2020లో ఇందిరా పార్కులో కంకర, ఇసుక, చెట్టు బెరడు వంటి వాటి మీద కాళ్లు మోపి నడిచేలా పంచతత్వ పార్కును ఏర్పాటుచేశారు. పెద్దల ఆరోగ్యానికి అది మంచిదే, మా అత్తయ్య కూడా దాని మీద నడిచి వచ్చి మెచ్చుకున్నారు. కానీ ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఈ పార్కుల్లో చేయడానికి ఏముంది? ఊయల ఎక్కితే వయసు మించిందంటారు, బంతి తీస్తే నడిచేవారికి తగులుతుందంటారు, పరుగెడితే పచ్చిక పాడవుతుందంటారు. బంతి ఆట నిషేధమని బోర్డు పెట్టిన చోట పదేళ్ల పిల్ల చేతులు కట్టుకుని బల్ల మీద కూర్చోవలసి రావడం నాకు మనసుకు కష్టంగా ఉంటుంది.

ఖరీదైన పరికరాలేవీ అడగడం లేదు. ప్రతి పార్కులో నాలుగో వంతు నేలను పచ్చిక లేకుండా, కంచె లేకుండా, చదునైన మట్టి నేలగా వదిలేస్తే చాలు. ఏడుపెంకులాట, తొక్కుడుబిళ్ల, కోకో, కబడ్డీ, వీటికి మట్టి నేల తప్ప మరేదీ అక్కర్లేదు. మా అమ్మాయి తొక్కుడుబిళ్ల ఆడటం నేర్చుకున్నది అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, రెండు కార్ల నడుమ సుద్దముక్కతో గీసిన గడుల మీద. స్కూటర్ హారన్ మోగగానే ఆట ఆపి పక్కకు తప్పుకునే అలవాటు ఆ పిల్లలకు ఒంటికి పట్టేసింది. నగరంలో పుట్టి పెరిగే పిల్లలకు ఆట అంటే అదే అనుకునే పరిస్థితి తీసుకురావద్దని పెద్దలను వేడుకుంటున్నాను.

మూడోది మరుగుదొడ్డి. ఇది రాయడానికి మొహమాటపడేవారు ఉంటారు గానీ, పిల్లలతో, పెద్దవయసు వారితో బయటికి వెళ్లే ప్రతి ఇల్లాలి మనసులో మొదట మెదిలేది ఇదే. ఎక్కడికి వెళదాం అన్న ప్రశ్నకు జవాబు చాలా ఇళ్లలో మరుగుదొడ్డిని బట్టే తేలుతుంది. మా అత్తయ్యకు షుగరు ఉంది, గంటన్నరకు మించి ఆగలేరు. అయిదేళ్ల బాబు సంగతి చెప్పనక్కర్లేదు. పార్కులో మరుగుదొడ్డి గది ఉంటుంది, తలుపుకు తాళం ఉంటుంది, తాళం చెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. తెరిచి ఉన్న చోట నీళ్లుండవు, నీళ్లున్న చోట గడియ ఉండదు. అందుకే చాలామంది ఆడవాళ్లు ఇంటి నుంచి బయలుదేరే ముందే నీళ్లు తాగడం మానేస్తారు. పిల్లలకు కూడా “ఇప్పుడు నీళ్లు తాగకు, మళ్లీ అక్కడ ఇబ్బంది” అని నేర్పుతున్నాం. ఆటలాడి చెమటోడ్చే పిల్లలకు నీళ్లు తాగవద్దని చెప్పవలసి రావడం కన్నా దారుణం ఏముంటుంది? మధ్యతరగతి కుటుంబాలు ఇష్టం లేకున్నా మాల్‌కు వెళ్లడానికి అసలు కారణం అక్కడి ఆటలు కావనీ, శుభ్రమైన మరుగుదొడ్డి, కూర్చోవడానికి చల్లని చోటు అనీ నా గట్టి నమ్మకం. అక్కడ ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా తెరవనివ్వరు, ఆటల జోన్‌లో కార్డు కొని డబ్బు వేయించుకుంటే నాలుగు ఆటలకే అయిపోతుంది, ఇంకొక్కటి అంటూ పిల్లలు ఏడుస్తుంటే తండ్రి జేబు తడుముకుంటాడు. ఇవన్నీ భరించి అయినా అక్కడికే వెళతారు.

ఈ సౌకర్యాలు ఎవరో దయతలచి ఇచ్చేవి కావు. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ ద్వారా చేర్చిన పన్నెండో షెడ్యూల్‌లో పట్టణ పాలక సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలను పేర్కొన్నారు. పార్కులు, తోటలు, ఆటస్థలాలు అందులో 12వ అంశంలో ఉన్నాయి. వీధి దీపాలు, బస్ స్టాపులు, ప్రజా మరుగుదొడ్లు 17వ అంశంలో ఉన్నాయి. అదే 1992లో మన దేశం ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. పిల్లలకు విశ్రాంతి, తీరిక, ఆట హక్కులని అందులోని 31వ అధికరణం చెబుతుంది. పార్కు కోసం విడిచిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోంకు ఇవ్వడం చెల్లదని బెంగళూరుకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు 1991లోనే తీర్పు ఇచ్చింది. మన నగరంలో 2024 జూలైలో ఏర్పడిన హైడ్రా (విపత్తు స్పందన, ప్రభుత్వ ఆస్తుల రక్షణ సంస్థ), ఆక్రమణలకు గురైన పార్కు స్థలాలను విడిపిస్తున్న వార్తలు మీ పత్రికలోనే చదువుతున్నాం, సంతోషం. అయితే విడిపించిన స్థలం చుట్టూ కంచె వేసి గేటుకు తాళం బిగించడంతో పని పూర్తయినట్లు భావిస్తే, స్థలం దక్కింది గానీ పిల్లలకు దక్కలేదనే చెప్పాలి.

చేయలేరా అంటే, చేయగలరు. బతుకమ్మ రోజుల్లో చూడండి. ఆ తొమ్మిది రోజులు ఇవే పార్కుల్లో, ఇవే మైదానాల్లో గడ్డి కోస్తారు, బ్లీచింగ్ చల్లుతారు, నాలుగు వైపులా ఫ్లడ్ లైట్లు పెడతారు, తాగునీటి డ్రమ్ములు తెస్తారు, మహిళా కానిస్టేబుళ్లను నిలబెడతారు. రాత్రి పది దాటినా తల్లులు, పిల్లలు, అమ్మమ్మలు నిర్భయంగా ఆడి పాడి ఇంటికి వెళతారు. మా అమ్మాయి ఏడాదిలో అన్నింటికన్నా ఎక్కువగా ఎదురుచూసేది ఆ రోజుల కోసమే. పండుగకు చేయగలిగిన పనిని, అంత ఆర్భాటంగా కాకపోయినా, నెలలో నాలుగు ఆదివారాలు ఎందుకు చేయకూడదు? ఒక వాచ్‌మన్ మధ్యాహ్నపు షిఫ్టుకు, ఒక పారిశుధ్య కార్మికురాలు మరుగుదొడ్డి దగ్గరకు, వారికి దానికి తగ్గ వేతనం, ప్రత్యామ్నాయ సెలవు, ఇంతకు మించి ఖర్చు కనిపించడం లేదు.

పార్కు దాకా వెళ్లే దారి గురించి కూడా చెప్పాలి. ఇందిరా పార్కు నుంచి వీఎస్‌టీ దాకా ఉక్కు వంతెన 2023 ఆగస్టులో ప్రారంభమైంది. వాహనాల మీద వెళ్లేవారికి ఆర్టీసీ క్రాస్ రోడ్స్ రద్దీ తప్పింది, అది మంచిదే. కింద నడిచేవారి పరిస్థితి మాత్రం అలాగే ఉంది. ఒక చేత్తో బాబును, ఇంకో చేత్తో అత్తయ్యను పట్టుకుని, అమ్మాయిని ముందు నడిపిస్తూ ఆ కూడలి దాటడం ఎలా ఉంటుందో చేసి చూసినవారికే తెలుస్తుంది. ఒకవైపు సిగ్నల్ ఆగితే ఇంకోవైపు ఎడమ మలుపు వాహనాలు ఆగకుండా వస్తూనే ఉంటాయి. మెట్రో స్టేషన్ మెట్లు ఎక్కి అవతలివైపు దిగవచ్చు, లిఫ్టు కూడా ఉంది, మేము చాలాసార్లు అదే చేస్తాం. కానీ స్టేషన్ లేని చోట్ల, అశోక్‌నగర్ వైపు, రాంనగర్ చౌరస్తా వైపు, ఆ ఆసరా కూడా లేదు. ఫుట్‌పాత్ ఉన్న చోట ట్రాన్స్‌ఫార్మర్, ఆ పక్కన పార్కు చేసిన బండ్లు, ఆ తర్వాత తెరిచిన మ్యాన్‌హోల్. పార్కు గేట్లు ఉన్న రోడ్ల మీదనైనా మనుషుల కోసం ప్రత్యేకంగా పదిహేను ఇరవై సెకన్ల సిగ్నల్, కంటికి కనిపించే జీబ్రా గీతలు, వేగం తగ్గించే దిమ్మెలు ఉండాలని ట్రాఫిక్ పోలీసులను కోరుతున్నాను. కొబ్బరిబోండాలు, మొక్కజొన్న కంకులు అమ్మేవారిని ఫుట్‌పాత్ ఖాళీ చేయించే పేరుతో తరిమేయడం నా ఉద్దేశం కాదని కూడా చెప్పాలి. వారుంటేనే ఆ దారి పిల్లలకు ఉల్లాసంగా ఉంటుంది, చీకటి పడ్డాక మనుషుల అలికిడి ఉంటుంది.

కొంచెం దూరం వెళ్లగలిగిన ఆదివారాల గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం సగమే అవుతుంది, ఎందుకంటే మా పేటకు ఆ భాగ్యం ఉంది. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) దాకా మెట్రో మొదలైనప్పటి నుంచి చిక్కడపల్లిలో ఎక్కితే నారాయణగూడ, సుల్తాన్‌బజార్ దాటి ఎంజీబీఎస్‌లో దిగవచ్చు. అక్కడి నుంచి సాలార్‌జంగ్ మ్యూజియం నడిచి వెళ్లగలిగే దూరమే. శుక్రవారం దానికి సెలవు, ఆదివారం తెరిచే ఉంటుంది. గంట కొట్టే సమయానికి ఆ సంగీత గడియారం ముందు గుమిగూడే జనాన్ని చూడాలి. ఒక మూల కమ్మరి బొమ్మ సుత్తితో క్షణక్షణానికీ కొడుతూనే ఉంటుంది, సమయం దగ్గరపడగానే చిన్న తలుపు తెరుచుకుని గడ్డపాయన బయటికి వచ్చి గంట మోగిస్తాడు. పిల్లలు తండ్రుల భుజాలెక్కి గంటలు లెక్కపెడతారు. లెక్క అయిపోయి ఆయన లోపలికి వెళ్లిపోగానే అన్ని భాషల్లోనూ ఒకేసారి సంతోషం వినిపిస్తుంది. పాలరాతిలో చెక్కిన మేలిముసుగు రెబెకా బొమ్మ ముందు మా అమ్మాయి చాలాసేపు నిలబడి, అది బట్ట కాదు రాయేనని నేను చెప్పినా నమ్మక, కాపలా ఆయనను అడిగి రూఢి చేసుకుంది. మూసీ అవతలి గట్టున ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు దగ్గరకు కూడా పిల్లలను తీసుకువెళ్లాలి. 1908 సెప్టెంబర్ 28 నాటి వరదలో దాని కొమ్మలు పట్టుకుని నూటయాభై మంది దాకా బతికారని చెబుతారు. ఆ వరద తర్వాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారని అక్కడ నిలబడి చెబితే, పుస్తకంలో నాలుగుసార్లు చదివినా ఎక్కని పాఠం ఒక్కసారికే ఎక్కుతుంది.

నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది. అది ఏ విదేశానిదో కాదు, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్వకాల్లో దొరికింది. మన నేల మీద తిరిగిన జంతువు అని తెలిసినప్పుడు పిల్లల ముఖాల్లో వచ్చే మార్పు చూడటానికైనా ప్రతి తల్లీ తండ్రీ ఒకసారి వెళ్లాలి. 1963లో తెరిచిన నెహ్రూ జూ పార్కు గురించి మీ పాఠకులకు చెప్పనక్కర్లేదు. సోమవారం సెలవని మరిచిపోయి వెళ్లి వెనక్కి వచ్చే ఇతర జిల్లాల వారు ఇప్పటికీ ఉంటారు కాబట్టి ఆ మాట మాత్రం మీ కథనాల్లో పెద్ద అక్షరాలతో వేయండి.

ప్రయాణ ఖర్చు విషయంలో ఒక మాట. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి టికెట్ లేకపోవడం మాలాంటి ఇళ్లకు పెద్ద ఊరట. అత్తయ్య, నేను, అమ్మాయి ఖర్చు లేకుండా వెళ్లగలుగుతున్నాం. పథకం రాకముందు పండుగలకు తప్ప ఇల్లు కదలని ఆడవాళ్లు మా అపార్ట్‌మెంట్‌లోనే ఇప్పుడు పిల్లలను తీసుకుని ట్యాంక్‌బండ్ దాకా, పబ్లిక్ గార్డెన్స్ దాకా వెళ్లి వస్తున్నారు. కానీ ఆదివారం బస్సులు తగ్గిపోతాయి. వచ్చిన బస్సు కిటకిటలాడుతుంది, పిల్లలతో ఎక్కలేక ఇంకో దాని కోసం నిలబడతాం. ఆదివారం ఆఫీసులుండవు కనుక బస్సులు అక్కర్లేదనే లెక్క ఇక చెల్లదు, ఆ రోజు ప్రయాణించేది కుటుంబాలు. మెట్రోలో అయితే బాగా చిన్న పిల్లలకు టికెట్ అక్కర్లేదు గానీ, మిగతా పిల్లలకు అర టికెట్ అనేది లేదు, 2025 మే నెలలో చార్జీలు కూడా పెరిగాయి. ఆర్టీసీ బస్సులో పన్నెండేళ్ల లోపు పిల్లలకు అర టికెట్ ఉన్నప్పుడు, కనీసం ఆదివారాలైనా మెట్రోలో అదే వెసులుబాటు ఎందుకు ఉండకూడదో ఆలోచించమని కోరుతున్నాను.

గ్రంథాలయాల గురించి కూడా చెప్పాలి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉద్యోగ పరీక్షలకు చదువుకునే యువతీయువకులతో నిండి ఉంటుంది. మెట్ల మీద, చెట్ల కింద కూడా పుస్తకాలు పట్టుకుని కూర్చుంటారు. వారి కష్టం చూస్తే చేతులెత్తి నమస్కరించాలనిపిస్తుంది, వారి చోటు ఒక్క అంగుళం కూడా తగ్గించమని అడగను. అయితే మనం కట్టే ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంది. అది వసూలవుతున్నప్పుడు ప్రతి డివిజన్‌లో ఒక గది పిల్లల కోసం, ఆదివారం పది నుంచి అయిదు దాకా, తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్, హిందీ బొమ్మల పుస్తకాలతో తెరిచి ఉంచడం అసాధ్యం కాదు. పక్కనే కథ చెప్పే ఒక అమ్మమ్మో తాతయ్యో ఉంటే మరీ మంచిది. రిటైరైన ఉపాధ్యాయులు మా పేటలో ఎందరో ఉన్నారు, పిలిస్తే రాననేవారు ఉండరు.

ఇంకొక సూచన వీధుల గురించి. 2021లో ఆదివారం సాయంత్రాలు అయిదు నుంచి పది దాకా ట్యాంక్‌బండ్ మీద వాహనాలు ఆపి కుటుంబాలకు వదిలిన సంగతి అందరికీ గుర్తుంది. రోడ్డు మధ్యలో చిన్నపిల్లలు సైకిల్ తొక్కడం, హుస్సేన్‌సాగర్ గాలికి జనం హాయిగా నడవడం చూసి, ఈ నగరం మనదే అనిపించింది. అంత పెద్ద రోడ్డు మీద కాకపోయినా, ప్రతి డివిజన్‌లో వాహనాల రద్దీ తక్కువగా ఉండే ఒక వీధిని ఎంచి, ఆదివారం సాయంత్రం రెండు మూడు గంటలు పిల్లలకు వదిలితే ఎవరికీ నష్టం లేదు. వినాయక చవితి పందిళ్లకు, బోనాల ఊరేగింపులకు, పెళ్లి బరాత్‌లకు వీధులు మూయడం మనకు అలవాటే. రెండు వైపులా రెండు బారికేడ్లు, అంబులెన్సుకు దారి, కాలనీ సంఘం నుంచి నలుగురు పెద్దలు ఉంటే సరిపోతుంది. వీధి చివరి కిరాణా కొట్టుకు ఆ రోజు వ్యాపారం పెరుగుతుందే తప్ప తగ్గదు.

నవంబర్ 14 దగ్గర పడుతోంది. బాలల దినోత్సవం నాడు అధికారులు, నాయకులు పిల్లలకు గులాబీలు ఇచ్చి ఫొటోలు దిగుతారు. ఈసారి ఆ కార్యక్రమాల వేదిక మీద నగరపాలక సంస్థ కమిషనర్ గారు మూడు విషయాలు ప్రకటిస్తే మాకు ఎంతో మేలు జరుగుతుంది. ఒకటి, ఫిబ్రవరి నెలాఖరు దాకా ఆదివారాలు, సెలవు దినాలు కాలనీ పార్కులన్నీ పొద్దంతా తెరిచి ఉంటాయని. రెండు, ప్రతి పార్కు మరుగుదొడ్డి తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో, ఫిర్యాదు ఎవరికి చేయాలో గేటు మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ భాషల్లో రాయిస్తామని. మూడు, బంతి ఆట నిషేధం బోర్డులు తీసేసి పిల్లలకు కొంత నేల కేటాయిస్తామని.

మీకూ ఒక విన్నపం. ఈ ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు మీ విలేకరులను నగరంలోని ఏ నాలుగు కాలనీలకైనా పంపి, అక్కడి పార్కుల్లో ఎన్ని గేట్లు తెరిచి ఉన్నాయో, ఎన్ని మరుగుదొడ్లలో నీళ్లు వస్తున్నాయో చూసి, పార్కుల పేర్లతో సహా సోమవారం సంచికలో ప్రచురించండి. రిసార్టుల జాబితాకు ఇచ్చినంత చోటే దీనికీ ఇవ్వండి.

భవదీయురాలు,
ఇద్దరు పిల్లల తల్లి,
బాగ్‌లింగంపల్లి, హైదరాబాద్.